పెర్ల్ హార్బర్‌కు దారి చైనాలో మొదలైంది

(విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

1941 నవంబరు 1, టోక్యో. ఉదయం తొమ్మిది గంటలకు ఒక సమావేశం మొదలై, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర దాకా సాగింది. ప్రధాని తోజో హిదేకి, విదేశాంగ మంత్రి తోగో షిగెనోరి, ఆర్థిక మంత్రి కాయా ఒకినోరి, ఆర్మీ చీఫ్ సుగియామా హజిమె, నేవీ చీఫ్ నగానో ఒసామి, మరికొందరు ఆ గదిలో ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లతో యుద్ధానికి దిగాలా వద్దా అన్నది తేల్చడానికి కూర్చున్నారు.

ఆర్థిక మంత్రి కాయా అడిగిన ప్రశ్న చాలా మామూలు ప్రశ్న. ఇప్పుడు యుద్ధం లేకుండా ఉండిపోయి, మూడేళ్ల తర్వాత అమెరికా నౌకలు మన మీదికి వస్తే మనం గెలుస్తామా? నగానో జవాబు: ఎవరికీ తెలియదు. అసలు అమెరికా వస్తుందా, రాదా? చెప్పలేను, సగం సగం అవకాశం ఉందన్నాడు. తనకైతే వాళ్లు వస్తారనిపించడం లేదని కాయా అన్నాడు. మరి యుద్ధం చేసి ఎప్పుడు గెలవగలం అని అడిగితే, నగానో గట్టిగా చెప్పింది ఒక్కటే: ఇప్పుడే. తర్వాత ఈ అవకాశం రాదు.

ఈ సంభాషణ అప్పట్లో రాసుకున్న అధికారిక నోట్సులో ఉంది. నగానో మాటను జాగ్రత్తగా చూడండి. ఇప్పుడు దిగితే తప్పకుండా గెలుస్తామన్న హామీ అందులో లేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ దిగలేమన్న భయం ఉంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఒక సామ్రాజ్యం, తనకంటే పది రెట్లకు పైగా ఉక్కు తయారుచేసే దేశం మీదికి ఆ భయంతో వెళ్లింది. అక్కడికి ఎలా చేరుకుందన్నదే ఈ రోజు నా విషయం.

మామూలుగా మనం వినే కథలు రెండు. తోజో అనే యుద్ధపిపాసి దేశాన్ని ఈడ్చుకుపోయాడన్నది ఒకటి. అమెరికా చమురు ఆపేసి జపాన్‌ను గోడకు నెట్టిందన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కానీ రెండూ కథను చివరి నుంచి మొదలుపెడతాయి. తోజో ప్రధాని అయింది 1941 అక్టోబరు 18న. చమురు ఆగింది ఆగస్టులో. అప్పటికే చాలా జరిగిపోయింది. నా వాదన ఏమిటంటే, 1941 డిసెంబరులో హవాయి దీవుల్లోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడికి మూలం చైనా యుద్ధంలో ఉంది. గెలవలేని ఆ యుద్ధాన్ని గెలవలేమని ఒప్పుకోకుండా ఉండటానికి టోక్యో ఒకదాని తర్వాత ఒకటి తీసుకున్న నిర్ణయాలే చివరికి పసిఫిక్ యుద్ధం దాకా తెచ్చాయి. వద్దు అని చెప్పే బాధ్యత ఎవరి మీదా పడని ప్రభుత్వ వ్యవస్థ దీనికి తోడైంది.

ముందు ఆ వ్యవస్థ గురించి కాస్త చెప్పాలి. 1889 నాటి మేజీ రాజ్యాంగం ప్రకారం సైన్యానికి సర్వాధిపతి చక్రవర్తి. ఆర్మీ చీఫ్, నేవీ చీఫ్ నేరుగా చక్రవర్తికి జవాబుదారులు, ప్రధానికి కాదు. యుద్ధ ప్రణాళికలు ప్రధానికి చెప్పాల్సిన పనే లేదు. పైగా 1936 నుంచి ఆర్మీ మంత్రి, నేవీ మంత్రి సర్వీసులో ఉన్న జనరల్, అడ్మిరల్ అయి తీరాలన్న నిబంధన మళ్లీ వచ్చింది. దాని అర్థం, ఆర్మీ తన మంత్రిని ఉపసంహరించుకుని, ఇంకొకరిని ఇవ్వకపోతే ప్రభుత్వం పడిపోతుంది. 1940 జులైలో అదే జరిగింది. యోనాయ్ మిత్సుమసా ప్రభుత్వం జర్మనీతో పొత్తుకు తొందరపడటం లేదని ఆర్మీ మంత్రి రాజీనామా చేశాడు, ప్రభుత్వం కూలింది.

మరి చక్రవర్తి? ఆయన సమక్షంలో జరిగే సమావేశాల్లో ఆయన సాధారణంగా మాట్లాడడు. అప్పటికే అందరూ ఒప్పుకున్న కాగితం ఆయన ముందుకు వస్తుంది, ఆయన ఆమోదిస్తాడు. అంటే మంత్రులు నిర్ణయం చక్రవర్తిదనుకుంటారు, చక్రవర్తి మంత్రులు, సేనాధిపతులు ఏకాభిప్రాయానికి వచ్చారనుకుంటాడు. ఆ ఏకాభిప్రాయం ఎలా తయారయ్యేదంటే, ఆర్మీ, నేవీ, విదేశాంగ శాఖల కింది అధికారులు డ్రాఫ్టులు రాసి, గొడవ వచ్చిన చోటల్లా ఇద్దరి మాటా చేర్చేవాళ్లు. చర్చలూ జరుపుదాం, యుద్ధ సన్నాహాలూ చేద్దాం; ఉత్తరానికీ సిద్ధపడదాం, దక్షిణానికీ వెళ్దాం. ఇలాంటి వాక్యాలు ఎవరినీ నొప్పించవు. కానీ సన్నాహాలకు తేదీలు ఉంటాయి, చర్చలకు ఉండవు. తేదీ ఉన్నదే చివరికి నెగ్గుతుంది.

ఇక చైనా. 1931 సెప్టెంబరు 18న ముక్డెన్ దగ్గర జపాన్ అధికారులే రైలు పట్టాల మీద పేలుడు జరిపి, నింద చైనీయుల మీద వేసి, మంచూరియాను ఆక్రమించారు. టోక్యో ప్రభుత్వం ఆదేశించలేదు, ఆపలేదు కూడా. తర్వాత సొంతం చేసుకుంది. ఆ కుట్ర వెనక ముఖ్యుడు ఇషివారా కంజీ. కొన్నేళ్ల తర్వాత, 1936లో, అదే ఇషివారా టోక్యోలోని ఆర్మీ ప్రధాన కార్యాలయం తరఫున వెళ్లి లోపలి మంగోలియాలో దూకుడు తగ్గించమని అక్కడి జపాన్ సైనికాధికారులకు చెప్పాడు. ముతో అకిరా అనే అధికారి, మంచూరియాలో మీరు చేసిందే మేమూ చేస్తున్నామని మొహం మీదే అన్నాడు. ఇషివారా దగ్గర దానికి జవాబు లేదు.

1937 జులై 7న బీజింగ్ దగ్గర మార్కో పోలో వంతెన వద్ద చిన్న కాల్పులు పెద్ద యుద్ధంగా మారాయి. షాంఘై, తర్వాత డిసెంబరులో నాన్జింగ్. అక్కడ జపాన్ సైన్యం చేసిన మారణహోమం, అత్యాచారాలు ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద నేరాల్లో ఒకటి. ఈ రోజు నేను టోక్యో గదుల్లోని మాటల గురించే ఎక్కువ మాట్లాడుతున్నాను. ఆ మాటల ఫలితం అనుభవించింది మాత్రం ముందుగా చైనా పౌరులే అన్న సంగతి మనసులో ఉంచుకుని వినమని కోరుతున్నాను.

రాజధాని నాన్జింగ్ పడిపోయినా చైనా నాయకుడు చాంగ్ కై షెక్ లొంగలేదు. ఇక్కడ, 1938 జనవరిలో, ఒక ఘట్టం ఉంది. మన చరిత్ర పుస్తకాల్లో దీని ప్రస్తావన చాలా తక్కువ. అప్పుడు జర్మన్ రాయబారి ట్రౌట్మన్ ద్వారా రాజీ చర్చలు నడుస్తున్నాయి. ఆర్మీ ప్రధాన కార్యాలయంలో ఉపాధిపతి తదా హయావో చర్చలు కొనసాగించాలని పట్టుబట్టాడు. చైనాలో ఇరుక్కుంటే సోవియట్ రష్యా ముందు బలహీనమైపోతామని ఆయన భయం. వద్దన్నది ఎవరు? ప్రధాని కొనోయె ఫుమిమరో, విదేశాంగ మంత్రి హిరోతా, అప్పుడు ఆర్మీ మంత్రిగా ఉన్న సుగియామా. తదా మొండికేస్తే ప్రభుత్వం పడిపోతుందన్నారు. ఆయన వెనక్కి తగ్గాడు. జనవరి 16న కొనోయె, ఇక చాంగ్ ప్రభుత్వంతో మాట్లాడేది లేదని ప్రకటించాడు.

యూనిఫాం వేసుకున్నవాళ్లంతా యుద్ధం కోరారు, సూటు వేసుకున్నవాళ్లంతా శాంతి కోరారు అనే లెక్క ఇక్కడ పనిచేయదు. కొనోయె కులీనుడు, చదువుకున్నవాడు, జనంలో పేరున్నవాడు. 1941లో శాంతి కోసం తాపత్రయపడిందీ ఆయనే. కానీ 1938లో తలుపు మూసింది ఆయన చేతులే. శత్రువుతో మాట్లాడనని ప్రకటించాక యుద్ధం ముగించే దారి ఏముంటుంది? పూర్తిగా గెలవాలి, లేదా పరువు పోగొట్టుకుని వెనక్కి రావాలి. గెలవడం వాళ్ల వల్ల కాలేదు, వెనక్కి రావడానికి మనసు ఒప్పలేదు.

అప్పటి నుంచి టోక్యోలో ఒక ఆలోచన స్థిరపడింది. చైనా లొంగకపోవడానికి కారణం బయటి నుంచి అందుతున్న సాయం, ఆ దారులు మూసేస్తే లొంగుతుంది. ఆ దారుల్లో ఒకటి ఫ్రెంచ్ ఇండోచైనా మీదుగా హైఫాంగ్ నుంచి కున్మింగ్ వెళ్లే రైలు మార్గం. ఇంకొకటి బర్మా రోడ్డు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ హిట్లర్ చేతిలో ఓడిపోయింది. సెప్టెంబరులో జపాన్ సైన్యం ఉత్తర ఇండోచైనాలో దిగింది. అదే నెల 27న జర్మనీ, ఇటలీలతో త్రైపాక్షిక ఒప్పందం మీద సంతకం పెట్టింది. విదేశాంగ మంత్రి మత్సువోకా యోసుకె లెక్క ప్రకారం, ఈ పొత్తు చూసి అమెరికా జంకుతుంది, చైనా విషయంలో అడ్డు రాదు.

జరిగింది దీనికి విరుద్ధం. అప్పటిదాకా వాషింగ్టన్‌కు చైనా యుద్ధం వేరు, హిట్లర్ యుద్ధం వేరు. ఆ సంతకంతో రెండూ ఒకటైపోయాయి. బ్రిటన్‌ను బతికించుకోవాలంటే ఆసియాలో ఆమె వలస రాజ్యాలు జపాన్ చేతికి పోకూడదని అమెరికా నాయకులు అనుకోవడం మొదలైంది. ఒక దేశాన్ని భయపెట్టడానికి చేసుకున్న పొత్తు ఆ దేశాన్నే శత్రువుగా చేసింది. 1941 నాటి తప్పులన్నింటికీ మూలమైన దౌత్య తప్పు ఇదేనని నా అభిప్రాయం.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. జపాన్‌కు ముందే చెప్పి సలహా అడగలేదు. రెండు నెలల ముందే, ఏప్రిల్ 13న, మత్సువోకా మాస్కోలో స్టాలిన్‌తో తటస్థ ఒప్పందం చేసుకుని వచ్చాడు. ఇప్పుడు ఆయనే రష్యా మీద పడదాం అన్నాడు. ఆర్మీలో కొందరికి అది నచ్చింది. కానీ 1939లో మంగోలియా సరిహద్దున నొమోన్హాన్ దగ్గర సోవియట్ సేనాని జుకోవ్ చేతిలో తిన్న దెబ్బ వాళ్లకు గుర్తుంది. నేవీకి ఉత్తరాన చేసే పనే లేదు. దానికి కావలసిన చమురు దక్షిణాన, డచ్ వాళ్ల చేతిలో ఉన్న సుమత్రా, బోర్నియోల్లో ఉంది.

జులై 2న చక్రవర్తి సమక్షంలో ఆమోదించిన కాగితంలో రెండూ ఉన్నాయి. ఉత్తరాన సైన్యాన్ని పెంచాలి, అవకాశం వస్తే చూద్దాం. దక్షిణ ఇండోచైనాలోకి వెళ్లాలి, దాని వల్ల బ్రిటన్, అమెరికాలతో యుద్ధం వచ్చినా వెనుకాడకూడదు. ఆ చివరి మాట రాసినవాళ్లలో చాలామందికి యుద్ధం నిజంగా వస్తుందన్న ఆలోచన లేదు. ఇంకో శాఖవాళ్ల ముందు మెత్తబడినట్టు కనిపించకూడదని గట్టి మాట రాశారు. కాగితం మీద పడ్డాక అది ప్రభుత్వ విధానమైంది.

జులై ఆఖరున జపాన్ సైన్యం దక్షిణ ఇండోచైనాలో దిగింది. అక్కడి విమానాశ్రయాల నుంచి మలయా, సింగపూర్ అందుబాటులో ఉంటాయి. చైనా దారులు మూయడానికి ఉత్తర ఇండోచైనా చాలు, దక్షిణ ఇండోచైనా ఎందుకో వాషింగ్టన్‌కు వెంటనే అర్థమైంది. జులై 26 నుంచి అమెరికాలోని జపాన్ ఆస్తులన్నీ స్తంభింపజేశారు. బ్రిటన్, డచ్ ప్రభుత్వం అదే బాట పట్టాయి. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచి వచ్చేది. ఆగస్టులో అది ఆగిపోయింది.

ఇక్కడ అమెరికా వైపు కూడా చూడాలి. అధ్యక్షుడు రూజ్వెల్ట్ మొదట అనుకున్నది చమురును పూర్తిగా ఆపేయడం కాదు. అప్లికేషన్ వచ్చినప్పుడల్లా చూసి, కొంత ఇస్తూ కొంత ఆపుతూ జపాన్‌ను దారిలో పెడదామనుకున్నాడు. కానీ చమురు కొనడానికి జపాన్ డబ్బు విడుదల చేయాల్సిన కమిటీలో విదేశాంగ శాఖ అధికారి డీన్ ఆచిసన్ తదితరులు డబ్బు విడుదల చేయలేదు. రూజ్వెల్ట్ బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ను కలవడానికి న్యూఫౌండ్‌లాండ్ తీరానికి వెళ్లాడు. తిరిగొచ్చి విషయం పూర్తిగా తెలుసుకునేసరికి వారాలు గడిచిపోయాయి. అప్పుడు సడలిస్తే భయపడి తగ్గినట్టు కనిపిస్తుంది. అలా పూర్తి నిషేధం ఉండిపోయింది. ఎంత పెద్ద ప్రజాస్వామ్యంలోనైనా విదేశాంగ విధానం ఒక్కోసారి ఇలా ఫైళ్ల దగ్గర తయారవుతుంది. అలాగని రెండు దేశాలనూ ఒకే గాటన కట్టను. జపాన్ సైన్యం ఇండోచైనాలో దిగకపోతే ఆ ఫైలే తెరుచుకునేది కాదు.

చమురు ఆగిన రోజు నుంచి టోక్యోలో గడియారం కొత్తగా తిరగడం మొదలైంది. జులై 31న నగానో చక్రవర్తికి చెప్పిన లెక్క: నిల్వ రెండేళ్లకు సరిపోతుంది, యుద్ధం వస్తే ఏడాదిన్నరే. రష్యా నౌకాదళాన్ని 1905లో ఓడించినట్టు గెలుస్తామా అని చక్రవర్తి అడిగితే, అలాంటి విజయం సంగతి అటుంచి అసలు గెలుపే ఖాయంగా చెప్పలేనని ఒప్పుకున్నాడు. కానీ ఆయన వాదన ఎప్పుడూ యుద్ధం వైపే నడిచింది. అక్టోబరులో ఒక సమావేశంలో, నేవీ గంటకు 400 టన్నుల చమురు తాగుతోంది, త్వరగా తేల్చండి అన్నాడు. చమురు తగ్గే కొద్దీ, గెలుస్తామా అన్న ప్రశ్న పక్కకు పోయి ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నదే మిగిలింది.

గెలుస్తామా అన్నది ఎవరూ లెక్క వేయలేదా అంటే, వేశారు. సమగ్ర యుద్ధ పరిశోధన సంస్థ అని ఒకటి ప్రభుత్వమే పెట్టింది. వివిధ శాఖల నుంచి, సైన్యం నుంచి, ప్రైవేటు సంస్థల నుంచి ముప్పై ఏళ్లు దాటిన చురుకైనవాళ్లను ఎంపిక చేశారు. 1941 వేసవిలో వాళ్ల చేత నకిలీ మంత్రివర్గం ఏర్పాటు చేయించి, అమెరికాతో యుద్ధం వస్తే ఏమవుతుందో అంకెలతో ఆడించి చూశారు. మొదట కొన్ని విజయాలు వస్తాయి, యుద్ధం సాగే కొద్దీ ఓడలు మునిగిపోయి సరఫరా దెబ్బతింటుంది, చివర్లో సోవియట్ యూనియన్ కూడా దిగుతుంది, జపాన్ ఓడుతుంది. ఆగస్టు ఆఖరున ప్రధాని నివాసంలో కొనోయె, తోజోల ముందే ఇదంతా చదివి వినిపించారు. అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పినదాని ప్రకారం, తోజో శ్రద్ధగా విన్నాడు. ఇది మంచి అధ్యయనమే కానీ, 1905లో ముగిసిన రష్యా యుద్ధంలో కూడా గెలుస్తామని ఎవరూ అనుకోలేదని, యుద్ధంలో అనుకోనివి జరుగుతుంటాయని అన్నాడు. ఈ సంగతి బయట మాట్లాడవద్దన్నాడు. ఆ యువకుల అంచనా చాలావరకు నిజమైంది. వాళ్లను తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తెలిసిన విషయాన్ని తెలిసినవాళ్లే చెప్పారు, చెప్పాల్సిన చోటే చెప్పారు.

సెప్టెంబరు 5న చక్రవర్తి హిరోహితో ఇద్దరు సేనాధిపతులనూ పిలిపించాడు. దక్షిణాన ఆపరేషన్ మూడు నెలల్లో ముగుస్తుందని సుగియామా చెప్పాడు. చైనాలో ఒక నెలలో ముగుస్తుందని ఆర్మీ మంత్రిగా నువ్వే చెప్పావు, నాలుగేళ్లయినా ముగియలేదే అని చక్రవర్తి అడిగాడు. చైనా లోపలి భూభాగం చాలా విశాలమని సుగియామా అన్నాడు. చైనా విశాలమైతే పసిఫిక్ ఇంకా విశాలం కాదా అన్నాడు చక్రవర్తి. సుగియామా తల వంచుకున్నాడు. అప్పుడు నగానో అందుకుని, ఆపరేషన్ చేయకపోతే క్షీణించిపోయే రోగి లాంటిది మన పరిస్థితి, ప్రమాదమైనా చేయాల్సి రావచ్చన్నాడు. ఇది కొనోయె రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది.

మర్నాడు, సెప్టెంబరు 6న, చక్రవర్తి సమక్షంలోనే కాగితం ఆమోదం పొందింది. అక్టోబరు చివరికల్లా యుద్ధ సన్నాహాలు పూర్తవ్వాలి. అక్టోబరు మొదటికల్లా అమెరికాతో చర్చలు ఫలించే సూచన లేకపోతే యుద్ధానికి నిర్ణయించాలి. హిరోహితో తన తాత మేజీ రాసిన కవిత చదివాడు. నాలుగు సముద్రాలూ అన్నదమ్ములేనని తలచే లోకంలో ఈ గాలులు, అలలు ఎందుకు రేగుతున్నాయని దాని భావం. అందరూ చలించిపోయారు. కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. ఆయన ఒక్క మాట, ఇది నేను ఆమోదించను అని, అని ఉండవచ్చు. అనలేదు. రాజ్యాంగ సంప్రదాయం అడ్డొచ్చిందనేవాళ్లు ఉన్నారు. 1945 ఆగస్టులో లొంగిపోవాలని ఆయనే తేల్చి చెప్పాడు కదా, అప్పుడూ అదే రాజ్యాంగం. నా దృష్టిలో ఆయన బాధ్యతను కవితతో కొట్టిపారేయలేం.

చర్చలు ఎక్కడ ఆగాయంటే, మళ్లీ చైనా దగ్గరే. చైనా నుంచి సైన్యాన్ని ఉపసంహరించుకోవాలని అమెరికా అంటుంది. కొనోయె ఏదో ఒక రూపంలో ఒప్పుకుందామంటాడు. అక్టోబరు 12న తన ఇంట్లో మంత్రులను కూర్చోబెట్టాడు. నేవీ మంత్రి ఓయికావా కోషిరోకు యుద్ధం ఇష్టం లేదు. కానీ ఆయన ఆ మాట అనలేదు. ప్రధాని నిర్ణయానికే వదిలేస్తాం అన్నాడు. ఆర్మీ నుంచి కూడా కబురు వచ్చింది: నేవీ తాను యుద్ధం చేయలేనని ఒక్కసారి బాహాటంగా చెబితే ఆర్మీలోని ఆవేశపరులను మేం ఆపగలం. ఆ కబురు పంపింది ఎవరో తెలుసా? ఇషివారాకు ఎదురు చెప్పిన ముతో అకిరాయే. నేవీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, 1907 నుంచి అమెరికాను ఊహాశత్రువుగా చూపించే బడ్జెట్లు తెచ్చుకుంది. ముప్పై ఏళ్లు ఆ పేరుతో ఓడలు కట్టించుకుని, ఇప్పుడు మా వల్ల కాదంటే ఉక్కు, డబ్బు ఆర్మీకి పోతాయి. లక్షల ప్రాణాల ముందు ఇది ఎంత చిన్న కారణం! కానీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఆ కారణం ఎంత పెద్దగా కనిపిస్తుందో మనకు తెలుసు.

రెండు రోజుల తర్వాత మంత్రివర్గంలో తోజో తేల్చేశాడు. ఉపసంహరణకు ఒప్పుకుంటే చైనాలో సాధించిందంతా పోతుంది, మంచూరియా ప్రమాదంలో పడుతుంది, కొరియా మీద పట్టు కూడా సడలుతుంది. అంతమంది చనిపోయారు, అన్ని కుటుంబాలు ఏడ్చాయి, అంత డబ్బు పోయింది, వాళ్లకు ఏం చెబుతాం? వినడానికి ఈ వాదన చాలా బరువుగా ఉంటుంది. కానీ చనిపోయినవాళ్ల పేరు మీద ఇంకెంతమందిని చంపుతాం అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేయలేదు. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూపించలేను: అమెరికాతో యుద్ధానికి కారణం అడిగితే తోజో చెప్పింది చైనా గురించి.

అక్టోబరు 16న కొనోయె రాజీనామా చేశాడు. వారసుడిగా తోజో వచ్చాడు. ఆర్మీని ఆర్మీవాడే అదుపు చేయగలడని చక్రవర్తి సలహాదారు కిదో ఆశ. సెప్టెంబరు నిర్ణయాన్ని పక్కనపెట్టి మొదటి నుంచి ఆలోచించమని చక్రవర్తి చెప్పాడు. తోజో నిజంగానే ప్రయత్నించాడు. అలా జరిగిన వరుస సమావేశాల్లో చివరిదే నేను మొదట చెప్పిన నవంబరు 1 సమావేశం. తోగో, కాయా చివరి దాకా ఎదిరించి, రాత్రి గడిచాక ఒప్పుకున్నారు. చర్చలకు నవంబరు 30 అర్ధరాత్రి దాకా గడువు మిగిలింది. నవంబరు 5న చక్రవర్తి ముందు తోజో, ఇలాగే కూర్చుంటే రెండు మూడేళ్లలో మూడో తరగతి దేశం అయిపోతామన్నాడు. ఏటా 8 నుంచి 10 లక్షల టన్నుల సరుకు ఓడలు మునిగిపోతాయని, 6 లక్షల టన్నులు కొత్తగా కడతామని లెక్కలు చూపించారు. 1944లో ఒక్క ఏడాదే మునిగినవి 30 లక్షల టన్నులు దాటాయి.

నవంబరు 26న అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ ఇచ్చిన పత్రమే యుద్ధానికి కారణమని జపాన్‌లో ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. చైనా, ఇండోచైనాల నుంచి సైన్యాన్ని తీసేయాలన్న ఆ పత్రం కఠినమైనదే. కానీ తేదీలు చూడండి. పెర్ల్ హార్బర్ మీద దాడికి ఆరు విమానవాహక నౌకల దళం కురిల్ దీవుల్లోని హితోకప్పు అఖాతం నుంచి బయల్దేరింది జపాన్ కాలమానం ప్రకారం నవంబరు 26 ఉదయం. హల్ పత్రం చేతికొచ్చేసరికి అక్కడ 27వ తేదీ వచ్చేసింది. ఒప్పందం కుదిరితే నౌకల్ని వెనక్కి పిలవొచ్చు, నిజమే. యుద్ధ నిర్ణయం మాత్రం ఆ కాగితం చూసి పుట్టలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. చైనాకు సాయం వెళ్లే దారుల్లో మిగిలింది బర్మా రోడ్డు, దాని ముఖద్వారం రంగూన్ రేవు. మన పెద్దలు రంగం అనేవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి ఎన్నో తరాలు అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లు ఓడలు దొరక్క, కొండలు అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు, దారిలో రోగాలతో, ఆకలితో రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే నౌక మీది విమానాలు కాకినాడ, విశాఖపట్నం మీద దాడి చేశాయి. ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. పేలకుండా మిగిలిన బాంబును బీచ్ రోడ్డులోని మ్యూజియంలో మీలో చాలామంది చూసే ఉంటారు. 1938 జనవరిలో టోక్యోలో ఒక రాజీ ప్రతిపాదనను తోసిపుచ్చినవాళ్లకు విశాఖ పేరు కూడా తెలిసి ఉండదు.

వాళ్ల ప్రణాళికలో భారతదేశం ఉంది. నవంబరు 15న యుద్ధాన్ని ఎలా ముగించాలో ఒక పత్రం ఖరారు చేశారు. అందులో భారత్, ఆస్ట్రేలియాలకు బ్రిటన్‌తో సంబంధం తెంచాలని, బర్మా స్వాతంత్ర్యాన్ని ప్రోత్సహించి దాని ద్వారా భారత స్వాతంత్ర్యోద్యమాన్ని రెచ్చగొట్టాలని ఉంది. చాంగ్‌ను లొంగదీయాలి, జర్మనీ, ఇటలీ కలిసి బ్రిటన్‌ను ఓడించాలి, అప్పుడు ఒంటరి అయిన అమెరికాకు పోరాడాలన్న కోరిక పోతుంది. అమెరికాను జపాన్ స్వయంగా ఓడించే దారి ఏదీ ఆ పత్రంలో లేదు. మొత్తం బరువు హిట్లర్ గెలుపు మీద వేశారు. డిసెంబరు 1న చక్రవర్తి సమక్షంలో తుది నిర్ణయం జరిగింది. డిసెంబరు 5న మాస్కో ముందు సోవియట్ సైన్యం ఎదురుదాడి మొదలుపెట్టి, జర్మన్లను వెనక్కి తరమసాగింది. కాయా, తోగో కోరినట్టు ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే ఆ నవంబరు 15 పత్రానికి ఆధారమే మిగిలేది కాదు. అప్పుడైనా తోజో చైనా నుంచి వెనక్కి రావడానికి ఒప్పుకునేవాడా అన్నది వేరే చర్చ, నాకు అనుమానమే. మీ అభిప్రాయాలు, ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. ముందు విద్యార్థులు అడగండి.